కోడెదూడ వెల: ఒంగోలు జాతి గురించిన తెలుగు రచనలో ధర, గర్వం, మౌనం

వ్యాససంగ్రహం

ఒంగోలు జాతి పశువుల గురించి తెలుగులో వెలువడే రచన ప్రధానంగా గర్వాన్ని, ఆవేదనను వ్యక్తం చేస్తుంది. ఆ జాతి బ్రెజిల్‌లో మాంసపు పశువుగా స్థిరపడిన విషయాన్ని మాత్రం దాటవేస్తుంది. ఈ దాటవేత కారణంగా కోడెదూడ విలువ అనే ప్రశ్న సాహిత్య చర్చకు అందకుండా పోయింది. కాటమరాజు కథలోని పుల్లరి, సంత పరిభాష, శరత్, ప్రేమ్‌చంద్, కొలకలూరి ఇనాక్‌ల కథనాలు, చట్టభాష ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఒంగోలు జాతి, కోడెదూడ, పుల్లరి, కాటమరాజు కథ, సంత పరిభాష, నెలోర్, విలువ జోడింపు.

1. ప్రవేశిక

‘ఒంగోలు గిత్త’ అనే మాట తెలుగులో ఒక పశుజాతి పేరుగా కంటె ఉపమానంగానే ఎక్కువ వ్యవహారంలో ఉంది. పొగరు, బలం, నడకలోని ఠీవి చెప్పవలసి వచ్చినప్పుడు ఉపన్యాసకుడు, సినిమా రచయిత, పత్రికా విలేకరి ముగ్గురూ ఆ మాటనే ఆశ్రయిస్తారు. ఉపమానంగా స్థిరపడిన ప్రాణికి ఒక ఇబ్బంది ఉంది. అది ఏం తింటుంది, ఎన్ని ఈతలు ఈనుతుంది, ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు అని అడిగేవారు క్రమంగా తగ్గిపోతారు.

2023లో బ్రెజిల్‌లో వయాటినా-19 అనే నెలోర్ ఆవుపై మూడో వంతు హక్కు సుమారు 70 లక్షల రియళ్ళకు అమ్ముడైంది. ఆ లెక్కన ఆవు మొత్తం విలువ రెండు కోట్ల రియళ్ళు దాటింది. నెలోర్ అంటే మన ఒంగోలు జాతి నుంచి బ్రెజిల్‌లో అభివృద్ధి చేసిన రకం. ఈ వార్త తెలుగులో ‘మన ఒంగోలు ఆవు కోట్లు పలికింది’ అనే ధోరణిలో ప్రచారమైంది. ధర ఎంతో చెప్పినంత ఉత్సాహంగా, ఆ ధర దేనికి వచ్చిందో చెప్పినవారు లేరు. ఆ ఆవును ఎవరూ పాల కోసం కొనలేదు. మొక్కడానికీ కొనలేదు. దాని అండాల నుంచి తయారయ్యే పిండాలకు, ఆ పిండాల ద్వారా మందల్లోకి ప్రవేశించే సంతతికి, ఆ సంతతి శరీరాలపై పెరిగే మాంసానికి ఆ ధర పలికింది. అంటే మనం గర్వపడుతున్న అంకె ఒక మాంసపరిశ్రమ తన ముడిసరుకుకు కట్టిన వెల.

ఈ సంగతి చెప్పడంలో గొడ్డుమాంసాన్ని సమర్థించే ఉద్దేశం గాని, ఖండించే ఉద్దేశం గాని ఈ వ్యాసానికి లేదు. ఆ చర్చ వేరుగా, చాలా వేడిగా సాగుతూనే ఉంది. ఇక్కడ పరిశీలనకు తీసుకున్నది రచనలోని ఒక అలవాటు. పశువుకు విలువ ఉందని చెబుతూ, ఆ విలువ పుట్టే చోటును చెప్పకుండా వదిలేసే అలవాటు అది. దానివల్ల ఎక్కువగా కనుమరుగైనది కోడెదూడ. ఆవుకు పాలున్నాయి, పూజ ఉంది. ఆంబోతుకు ప్రదర్శన ఉంది. ట్రాక్టరు వచ్చిన తరువాత పుట్టిన సాధారణ కోడెదూడకు ఏముందన్న ప్రశ్న మన గద్యంలో ఎక్కడా నిలవలేదు. ప్రాచీన కథాగేయంలో మాత్రం ఆ ప్రశ్న యుద్ధానికే దారితీసింది.

2. పుల్లరిగా కోడెదూడ

కాటమరాజు కథాచక్రాన్ని తెలుగు విమర్శ వీరగాథగా చదివింది. తంగిరాల వెంకట సుబ్బారావు పరిష్కరించి ప్రచురించిన పాఠాలు వచ్చిన తరువాత ఆ కథాచక్రం విస్తృతి పండితులకు తెలిసింది. యాదవుల పౌరుషం, గంగ కొలుపు, ఎర్రగడ్డపాటి యుద్ధం, వీరస్వర్గం అనే అంశాల మీద పరిశోధన చెప్పుకోదగినంత జరిగింది. అయితే ఆ యుద్ధానికి మూలంలో ఉన్నది ఒక ధర. ఆ విషయం అందరికీ తెలుసు, ఎవరూ దాని దగ్గర ఆగరు.

శ్రీశైలం ప్రాంతంలో మేత కొరవడి, కాటమరాజు తన ఆలమందలను నెల్లూరును ఏలే నల్లసిద్ధి అధీనంలోని పాకనాటి బీళ్ళకు తోలుకువచ్చాడు. మేపుకున్నందుకు చెల్లించవలసిన పుల్లరి నాణేల రూపంలో నిర్ణయం కాలేదు. మందలో పుట్టే కోడెదూడలను ఇవ్వాలని ఒడంబడిక కుదిరింది. పాఠభేదాలు ఎన్ని ఉన్నా ఈ అంశం కథకు ఆధారంగా నిలిచింది. తరువాత వర్షాభావం, రాజు ఉంపుడుగత్తె పెంచుకున్న చిలుక మరణం, అందుకు ప్రతీకారంగా పశువుల వధ అనే సంఘటనలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఒడంబడిక చెడింది. పుల్లరి ఇవ్వమని ఒకరు, ఇచ్చేది లేదని ఒకరు పట్టుబట్టారు.

ఆ ఒడంబడికను ఆర్థికపత్రంగా చదివితే రెండు విషయాలు తేటపడతాయి. మొదటిది, పశుపాలకుడికి మంద పెరగడం ముఖ్యం. మంద పెరగాలంటే పెయ్యలు కావాలి. పుట్టిన కోడెలన్నీ నిలుపుకోవలసిన అవసరం అతనికి లేదు, విత్తనానికి కొన్ని చాలు. కాబట్టి మందకు నష్టం లేకుండా అతడు వదులుకోగల మిగులు కోడెదూడే. రెండోది, రాజుకు కావలసింది కూడా అదే. దున్నే రైతులున్న రాజ్యంలో కోడెదూడ అంటే మూడు, నాలుగేళ్ళకు కాడికి వచ్చే ఎద్దు. ఒకరి మిగులు మరొకరి మూలధనమైంది. పశుపాలకుడికి, సేద్యగాడికి మధ్య సహజంగా ఏర్పడే మారకపు వస్తువు ఏదో ఆ ఒడంబడిక చాలా కచ్చితంగా పట్టుకుంది. పాకనాటి నేల నేటి ఒంగోలు జాతి స్వస్థలంలోనే ఉండడం గమనించదగినది. గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు పారే ఆ నేలమీద కోడెదూడ కోసం జరిగిన పోరు కథగా నిలవడం కాకతాళీయం అనిపించదు.

అయితే మన సాహిత్యచరిత్రలు ఈ కథ నుంచి దేన్ని గుర్తుపెట్టుకున్నాయి? యుద్ధం నుంచి వెనుదిరిగి వచ్చిన ఖడ్గతిక్కనకు భార్య ఆడవారికి వలె స్నానానికి చాటు కట్టి పసుపుముద్ద పెట్టిన ఉదంతాన్ని, తల్లి విరిగిన పాలు వడ్డించిన ఉదంతాన్ని గుర్తుపెట్టుకున్నాయి. ఆ చాటువులు పాఠ్యపుస్తకాల్లోకి వచ్చాయి. తరగతిగదిలో ఖడ్గతిక్కన సిగ్గు గురించి చెప్పే మనం, ఆ సిగ్గుకు అవతల ఎన్ని కోడెదూడల లెక్క తేలకుండా ఉందో చెప్పం. వీరరసం నిలబడడానికి కారణాన్ని చిన్నదిగా చూపడం ఒక సంప్రదాయమే కావచ్చు. పల్నాటి కథలో కోడిపందెం దగ్గర విమర్శకులు ఆగినంతగా, ఇక్కడ కోడెదూడ దగ్గర ఆగలేదు. కోడిపందెం నాటకీయమైంది. పుల్లరి లెక్క కరణం పుస్తకంలోది.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఈ కథను తరతరాలుగా పాడి నిలబెట్టినవారు దళిత ఆశ్రిత గాయకులైన కొమ్మువారు. మందలు కలవారి కీర్తిని మందలు లేనివారు పాడారు. బతికిన పశువు మీద హక్కు, చచ్చిన పశువు మీద పని వేర్వేరు కులాలకు పంచిపెట్టిన సమాజంలో ఇది విశేషం కాకపోవచ్చు. కాని పశువు విలువను చర్చించేటప్పుడు మరచిపోదగినది కాదు.

3. సంత పరిభాషలో విలువ

కథాగేయం దగ్గర మొదలైన ఈ లెక్క నిత్యవ్యవహారంలో ఎలా ఉందో తెలియడానికి సంత భాషను చూడాలి. మన విమర్శలో సంత సాధారణంగా వర్ణనకు పనికివచ్చే రంగస్థలంగా కనిపిస్తుంది. దుమ్ము, గంటలు, మిఠాయి దుకాణాలు, తప్పిపోయిన పిల్లవాడు అక్కడ ఉంటారు. నిజానికి సంత ఒక విమర్శనశాల. అక్కడ ప్రతి పశువునూ చదువుతారు, చదివినదానికి వెల కడతారు.

పశువు వయసు పళ్ళలో ఉంటుంది. పాలపళ్ళ దూడ, రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అని మెట్లు. ఆవు విలువ ఈతలలో ఉంటుంది. తొలిచూలుదా, రెండో ఈతదా, కట్టిందా, ఒట్టిపోయిందా అని అడుగుతారు. ఒంటిమీది సుళ్ళు ఎక్కడ ఉన్నాయో చూస్తారు. ఒక సుడి యజమానికి కలిసివస్తుందని, మరొకటి కీడని నమ్మకం. ఎద్దు విషయంలో ఒంటరి పశువుకు వచ్చే ధర వేరు, జత కుదిరినప్పుడు వచ్చే ధర వేరు. ఎత్తు, రంగు, కొమ్ముల తీరు, నడక కలిస్తే రెండు ఎద్దుల ధర రెండింతలకు మించిపోతుంది. ఇక బేరం దళారి కండువా కింద వేళ్ళతో సాగుతుంది. అమ్మేవాడికీ కొనేవాడికీ తప్ప చుట్టూ ఉన్నవారికి అంకె తెలియదు. బయానా చేతిలో పడ్డాక మాట మారకూడదు. పశువును అమ్మినా పలుపును ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకునే ఆచారం కొన్ని ప్రాంతాల్లో ఉంది.

ఈ పద్ధతిలో తూకం లేదు. పశువును బరువుతో కొలిచే ఆలోచనే సంత పరిభాషలో పుట్టలేదు. ఎందుకంటే అక్కడ అమ్ముడయ్యేది పని, పాలు, సంతానం. బరువుకు ధర ఉండేది ఒక్క కొనుగోలుదారుడి దగ్గర మాత్రమే. అతడు సంత అంచున ఉంటాడు. అతని లెక్క అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు. కండువా కింద వేళ్ళు చెప్పే అంకెకు ఉన్న గోప్యత కంటె ఇది పెద్ద గోప్యత.

‘గొడ్డు’ అనే మాట ప్రయాణం ఇక్కడ ఉపకరిస్తుంది. పశువు అని సామాన్యార్థం. గొడ్డుచాకిరీ అన్నప్పుడు విరామం లేని శ్రమ. గొడ్డుటావు, గొడ్రాలు అన్నప్పుడు సంతానం లేకపోవడం. గొడ్డుమాంసం అన్నప్పుడు తిండి. ఒకే మాట శ్రమకు, నిష్ఫలతకు, మాంసానికి చెల్లింది. ‘గోవు’ అనే మాటకు ఈ మూడింటిలో ఏదీ అంటదు. గోమాంసం అన్న సమాసం ఉన్నా అది ఆరోపణలోనో చట్టంలోనో వినిపిస్తుంది గాని వంటింట్లో వినిపించదు. ఒక జంతువు గోవుగా పుట్టి గొడ్డుగా ముగిసే మార్గంలో ఏ మలుపు దగ్గర పేరు మారుతుందో నిఘంటువు చెప్పదు, సంత చెబుతుంది. లాటిన్‌లో డబ్బుకు వాడిన పెకూనియా అనే మాట పశువు అనే అర్థమున్న మాట నుంచే వచ్చింది. పశుధనం, గోధనం అని మనమూ అన్నాం. ధనమన్నది మారకానికి దిగినప్పుడు మాత్రం మన మాటలు తడబడతాయి.

4. కరవది నుంచి ఉబెరాబా వరకు

బ్రెజిల్‌లో ఈ జాతిని నెలోర్ అనడం వెనుక పరిపాలనా చరిత్ర ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో భాగం. అందువల్ల ఆంగ్లేయుల కాగితాల్లో ఇవి నెల్లూరు పశువులు. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ నుంచి ఒక జత బహియా రాష్ట్రంలోని సాల్వదోర్ రేవులో దిగిందని, 1878లో లెంగ్రూబెర్ అనే పెంపకందారు హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి మరొక జతను తెప్పించుకున్నాడని ఆ జాతి చరిత్ర చెబుతుంది. పెద్ద మలుపు 1960ల మొదట్లో వచ్చింది. అప్పుడు వెళ్ళిన ఆంబోతుల పేర్లు అక్కడి వంశవృక్షాల్లో ఈనాటికీ నిలిచాయి. ఒంగోలు సమీపంలోని కరవది ఊరిపేరే కర్వాది అనే ఆంబోతుకు పేరైంది. గోదావరి, చేకూరపాడు, ఆకాశము కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పోర్చుగీసు వర్ణక్రమంలో ఒదిగిన ఈ తెలుగు పేర్లను చూసి ఏ తెలుగువాడికైనా సంతోషం కలగడం సహజం.

మన రచనలో ఈ సంతోషం ఒక స్థిరమైన కథానమూనాగా మారింది. నంది విగ్రహంతోనో బసవన్నతోనో ఆరంభం. తరువాత విదేశయానం, అక్కడి కీర్తి. చివర స్వదేశంలో క్షీణత, ‘మన బిడ్డను మనం కాపాడుకోలేకపోయాం’ అనే నిట్టూర్పు. వలస వెళ్ళి పైకి వచ్చిన కొడుకు కథ ఇది. అమెరికా వెళ్ళిన అబ్బాయి ఏ ఉద్యోగం చేస్తున్నాడో సరిగా తెలియకపోయినా జీతం ఎంతో ఊరంతటికీ తెలిసినట్లు, ఇక్కడ కూడా వృత్తి వివరం రాలిపోయి అంకె ఒక్కటే మిగిలింది.

ఆ వృత్తి వివరం ఏమిటో చూడాలి. బ్రెజిల్‌లో మాంసపు పశువుల ధరను అరోబా లెక్కన చెబుతారు. ఒక అరోబా అంటే వధించిన తరువాత నిలిచే కళేబరంలో 15 కిలోలు. పెంపకాన్ని మూడు దశలుగా విభజిస్తారు. ఈనించి పాలు మాన్పించేవరకు పెంచడం మొదటిది. మాన్పించిన దూడను పచ్చికమీద ఎదిగించడం రెండోది. కొవ్వు పట్టించడం మూడోది. చాలాచోట్ల ఒక్కొక్క దశ ఒక్కొక్క రైతుది. కాబట్టి దూడ ఏడెనిమిది నెలల వయసులోనే మొదటిసారి సరుకవుతుంది. ఎదిగే శక్తి ఇంకా లోపలే ఉన్నందువల్ల దూడకు కిలో లెక్కన వచ్చే ధర తరచు బలిసిన ఎద్దు ధర కంటె ఎక్కువగా ఉంటుంది. కొనేవాడు ఆ శక్తికి కూడా డబ్బు ఇస్తున్నాడు.

ఉత్తర అమెరికాలో ఇదే ఆలోచన ఇంకా పద్ధతిగా సాగింది. అక్కడి బ్రాహ్మన్ జాతిలో గుజరాత్ జాతులతో పాటు ఒంగోలు రక్తం కూడా కలిసింది. దూడను అమ్మే ముందు సుమారు 45 రోజులు తల్లికి దూరంగా ఉంచి, టీకాలు వేయించి, మగదూడకు విత్తులు కొట్టించి, కొమ్ములు తీయించి, తొట్టిలో మేత తినడం అలవాటు చేసి, ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్నవాటిని గుంపుగా అమ్మితే ఎక్కువ ధర వస్తుంది. దాన్నే వారు విలువ జోడింపు అంటారు. మన సంతలో జత కుదిర్చితే ధర పెరిగినట్లే అక్కడ గుంపు కుదిర్చితే పెరుగుతుంది. పోలిక అంతవరకే. మన చూపు ప్రత్యేకతను వెదికింది. సుడి, ఠీవి, పేరు కావాలి. అక్కడి చూపు ఏకరూపతను వెదికింది. పేరు అక్కరలేదు. పేరు ఉండేది కర్వాది వంటి జనకుడికి మాత్రమే. అతని పేరుమీద పుట్టిన లక్షల కోడెలు అరోబాలుగా వెళ్ళిపోతాయి.

ఉబెరాబా నగరం జెబూ పెంపకందారుల సంఘానికి, వారి వార్షిక ప్రదర్శనకు కేంద్రం. అక్కడ ఆంబోతు మెడలో పడే పతకానికి, కబేళా తూకపు యంత్రానికి మధ్య తెగిపోని దారి ఉంది. వేడిని తట్టుకోవడం, పిడుదులకు లొంగకపోవడం, నాసి పచ్చికమీద బతకగలగడం, సులువుగా ఈనడం వంటి గుణాలన్నిటినీ ఆ దారిమీదే కొలిచారు. ఆ గుణాలను కొన్ని తరాలపాటు ఇక్కడ మలిచినవారు పాకనాటి రైతులు. వారు కొలిచింది నాగలిమీద. ఒకే శరీరాన్ని రెండు సమాజాలు రెండు రకాలుగా చదివాయని చెప్పగల రచన మనకు రావలసి ఉంది. ఇప్పటికి ఉన్నవి రెండో పఠనం ఇచ్చిన ధరను తెచ్చి మొదటి పఠనం ఖాతాలో జమ కడుతున్నాయి.

5. కటికవాడి ధర

కాల్పనిక సాహిత్యం ఈ విషయంలో పత్రికా గద్యం కంటె నిజాయితీగా ఉంది. తెలుగు పాఠకులు తమవాడిగా చేసుకున్న శరత్ రాసిన ‘మహేశ్’ కథ ఇందుకు మంచి ఉదాహరణ. గఫూర్ అనే నిరుపేద నేతవాడు, అతని కూతురు అమీనా, మేతలేక ఎండిపోయిన ఎద్దు మహేశ్. ఒక దశలో గఫూర్ ఎద్దును అమ్మడానికి ఒప్పుకుని బయానా తీసుకుంటాడు. కొనవచ్చినవారు చర్మం ఎంత చేస్తుందో మాట్లాడుకోవడం వినగానే తట్టుకోలేక వారిని పంపించివేస్తాడు. చివరకు ఆ ఎద్దు అతని చేతిలోనే, కోపంలో విసిరిన దెబ్బకు చనిపోతుంది. అతడు ఊరు విడిచి జనపనార మిల్లుకు బయలుదేరతాడు.

ఈ కథను కరుణరస కథగా, భూస్వామ్య వ్యవస్థపై నిరసనగా చదవడం పరిపాటి. ఆ రెండూ ఉన్నాయి. కాని కథలో అత్యంత సూక్ష్మమైన క్షణం ఆ చర్మం ధర వినిపించిన క్షణం. అప్పటిదాకా గఫూర్ అమ్ముతున్నది ఒక ఎద్దును. ఆ మాటతో అమ్మకపు వస్తువు మారిపోయింది. ధర తక్కువైందని అతడు బాధపడలేదు. ధర దేనికో పైకి వినిపించినందుకు భరించలేకపోయాడు. పశువు వధ మహాపాపమని చెప్పే ఊరిపెద్దలు గడ్డిపరక ఇవ్వలేదన్న వ్యంగ్యం దానికి అటువైపు ఉంది. పవిత్రతకు మాటలున్నాయి, మేత లేదు. శరత్ ఆ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టాడు గనుక కథ నిలిచింది.

ప్రేమ్‌చంద్ ‘గోదాన్’లో (1936) హోరీ ఆవును కొన్నది నగదుతో కాదు. భోలాకు గడ్డి, పెళ్ళి సంబంధం చూస్తానన్న మాట, తరువాత తీర్చవలసిన 80 రూపాయల బాకీ కలిస్తే ఆ ఆవు ఇంటికి వచ్చింది. హోరీ లెక్కలో పాలూ దూడలూ ఉన్నాయి గాని, వాటికంటె ఎక్కువగా గుమ్మంలో ఆవు ఉంటే వచ్చే గౌరవం ఉంది. గౌరవానికి కట్టిన ధర బాకీగా మిగిలి అతన్ని తినేసింది. ఒంగోలు గిత్తను గురించిన మన గర్వానికి హోరీ ఆశకు చుట్టరికం ఉందనిపిస్తుంది. అయితే ప్రేమ్‌చంద్ బాకీని దాచలేదు.

తెలుగు కరువు కథలలో పశువులను అమ్ముకునే ఘట్టం తరచుగా వస్తుంది. ఆ ఘట్టంలో రైతు కన్నీరు సజీవంగా ఉంటుంది. కొనేవాడు మాత్రం చాలా కథల్లో నీడ. కటికవాడనో, లారీవాడనో, దళారి అనో ఒక మాటతో వచ్చి పోతాడు. అతనికి ఇల్లు లేదు, అప్పు లేదు, సంభాషణ లేదు. శరత్ కథలో అమ్మేవాడే ముస్లిం నేతవాడు కావడం వల్ల ఈ తేలికైన విభజన సాధ్యపడలేదు. మన కథకులు విభజనను సులువుగా ఒప్పుకోవడం వల్ల మార్కెట్టు అనేది బయటి దుర్మార్గంగా కనిపించి, రైతు ఆర్థిక జీవనంలో భాగంగా కనిపించలేదు. ముసలి ఎద్దును అమ్మగా వచ్చిన డబ్బు కొత్త కోడె కొనుగోలుకు సాయపడేదన్న మామూలు నిజం ఆ కథల్లో చోటు చేసుకోలేదు. కొలకలూరి ఇనాక్ ‘ఊరబావి’లో చచ్చిన పశువు కళేబరం ఊరివారి బావిలోకి చేరినప్పుడు, అంతవరకు ఊరు తన చూపు నుంచి తప్పించిన పని, వాసన, శరీరం అన్నీ ఒక్కసారిగా ఊరి నీళ్ళలోకి వచ్చాయి. పశువు ముగింపును చూడక తప్పని స్థితికి ఊరిని నెట్టిన కథగా కూడా దాన్ని చదవవచ్చు. దళిత సాహిత్యం చచ్చిన పశువు వైపు నుంచి రాసింది, రైతు కథ బతికిన పశువు వైపు నుంచి రాసింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే పని పరిశోధకులు చేపట్టదగినది.

6. చట్టభాష, లెక్కల భాష

1977నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టం ఆవును, దాని దూడను వధించడాన్ని నిషేధిస్తుంది. ఎద్దు, ఆంబోతు విషయంలో అధికారి ధ్రువపత్రం ఇస్తే అనుమతిస్తుంది. ఆ పత్రం ఇవ్వడానికి పెట్టిన కొలమానం గమనించదగినది. పశువు పునరుత్పత్తికి గాని, వ్యవసాయపు పనికి గాని లాభదాయకంగా లేకపోవాలి, ఇకముందు లాభదాయకం అయ్యే అవకాశమూ ఉండకూడదు. పవిత్రతకు రక్షణగా భావించే చట్టం నడిచేది లాభదాయకత అనే మాటమీద. సాహిత్యం తప్పించుకున్న లెక్కను చట్టం నిస్సంకోచంగా రాసింది.

2017 మే 23న కేంద్రం పశువుల సంతల నియమాలను ప్రకటించి, వధకోసం సంతలో పశువులను అమ్మరాదని నిర్దేశించింది. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం వారంరోజుల్లోనే వాటిపై స్టే ఇచ్చింది. జూలైలో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. ఆ నెలల్లో తెలుగులో జరిగిన చర్చ ఆహారహక్కు, మతవిశ్వాసం అనే రెండు ధ్రువాల మధ్య సాగింది. సంత అంచున నిలిచే ఆ కొనుగోలుదారుడు లేకపోతే సంత మధ్యలో ధరలకు ఏమవుతుందన్న మాట రైతుసంఘాలు చెప్పినా, సాహిత్య వ్యాసాల్లోకి రాలేదు.

లెక్కలు ఏం చెబుతున్నాయో చూద్దాం. 2012 పశుగణనలో దేశంలోని గోజాతి పశువులు సుమారు 19.09 కోట్లు. వాటిలో ఆడవి సుమారు 12.3 కోట్లు. 2019 గణనలో మొత్తం సుమారు 19.25 కోట్లకు చేరింది, ఆడవి సుమారు 14.5 కోట్లయ్యాయి. అంటే ఏడేళ్ళలో మగపశువులు దాదాపు 6.8 కోట్ల నుంచి 4.7 కోట్లకు తగ్గాయి. పుట్టుకలో ఆడ, మగ దూడలు దాదాపు సమానం. మందలో మగవి నాలుగో వంతు మాత్రమే ఉన్నాయి. మిగిలినవి ఎక్కడికి పోయాయన్న ప్రశ్నకు జవాబుగా ఒక కథ రావచ్చు, ఒక నవల రావచ్చు. పాలు తాగనివ్వకుండా కట్టివేసిన దూడ, రాత్రివేళ రోడ్డుమీద వదిలేసిన కోడె, అర్ధరాత్రి లారీ ఇవన్నీ పల్లె ఎరిగినవే.

ఇప్పుడు ఇంకొక పరిష్కారం వచ్చింది. రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద లింగ నిర్ధారిత వీర్యాన్ని ప్రోత్సహిస్తున్నారు. దీనితో పుట్టే దూడల్లో నూటికి 90 వరకు పెయ్యలే ఉంటాయి. పాడిరైతుకు ఇది మేలుచేసే సాంకేతికత, సందేహం లేదు. కాటమరాజు ఒడంబడిక వెలుగులో చూసినప్పుడు మాత్రం దాని అర్థం మారుతుంది. నల్లసిద్ధి పుల్లరిగా కోరినదాన్ని, యాదవులు ఇవ్వక ప్రాణాలొడ్డినదాన్ని, పుట్టకుండా చూడడమే నేడు విలువ జోడింపు. ఉబెరాబాలో దూడ ఎదుగుదలకు ధర కట్టారు. ఇక్కడ దూడ మగది కాకపోవడానికి ధర కడుతున్నాం. గుంటూరు దగ్గరి లాం ఫారంలో, ప్రకాశం జిల్లా చదలవాడ క్షేత్రంలో ఒంగోలు జాతి పరిరక్షణ జరుగుతున్నా, అక్కడ నిలిచేది ఎంపికైన ఆంబోతు. సాధారణ కోడెదూడకు ఆ క్షేత్రంలో పని లేదు.

కోస్తా, రాయలసీమ జిల్లాల్లో తిరునాళ్ళకు, సంక్రాంతికి జరిగే బండలాగుడు పోటీలు ఒక్కటే ఒంగోలు కోడెకు నేడు మిగిలిన బహిరంగ వేదిక. ఆ పోటీలను పళ్ళ లెక్కతో విభజిస్తారు. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అని కరపత్రాలమీద అచ్చవుతాయి. సంత పరిభాష అచ్చుభాషగా బతికి ఉన్నది ఆ కరపత్రాలలోనే. జత కుదిరిన కోడెలకు అక్కడ లక్షలలో ధర పలుకుతుంది, వాటికి పేర్లుంటాయి, యజమానికి ఊరిలో గౌరవం ఉంటుంది. జానపద విజ్ఞాన పరిశోధకులు ఆ కరపత్రాలను సేకరించడం మొదలుపెడితే బాగుంటుంది. పోటీకి ఎంపిక కాని కోడె, పోటీ వయసు దాటిన ఎద్దు తరువాత ఏ సంతకు వెళ్తాయో వాటిలో ఉండదు. అందుకు సంత గేటు దగ్గర రుసుము రాసుకునే రశీదు పుస్తకాలను వెదకాలి. అక్కడ పశువు పేరు ఉండదు, రంగు, పళ్ళు, వెల ఉంటాయి.